రొయ్యలలో రాణి యున్నదా? — ఒక పరిశోధనావ్యాసముపై విమర్శ

చెదపుట్టను గునపముతో పగులగొట్టి చూచినచో, నడుమ మట్టిగదిలో వ్రేలంత లావున, కదలలేక పడియున్న యొక ప్రాణి కనబడును. పుట్టలోని వేలకొలది చెదలకు అదియే తల్లి. తక్కిన వానిలో కొన్ని మేత తెచ్చును, కొన్ని మట్టి మెత్తును, కొన్ని శత్రువును కరచును. గ్రుడ్లు పెట్టు పని మాత్రము వానిది కాదు. తేనెపట్టులోను, చీమలపుట్టలోను ఇట్టి యేర్పాటే కలదు. ఈ తీరు బ్రదుకు కీటకముల సొత్తని చాలకాలము తలచిరి. 1981లో జెన్నిఫర్ జార్విస్ అను శాస్త్రజ్ఞురాలు, ఆఫ్రికాలో నేలక్రింద బొరియలలో నివసించు బోడియెలుకలలోను ఇట్టి సంఘమే యున్నదని చూపుటతో ఆ తలంపు సడలెను. అయినను భూతలమున సుమారు 71 శాతమును కప్పియున్న సముద్రములో నట్టి సంఘము ఒక్కటియు తెలియరాలేదు.

1996లో 'నేచర్' పత్రికలో వెలువడిన మూడు పుటల వ్యాసమొకటి ఆ లోటు తీరినదని ప్రకటించెను. దాని కర్త వర్జీనియా సముద్రశాస్త్ర సంస్థకు చెందిన జె. ఎమెట్ డఫీ. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశపు తీరమున కారీ బౌ కే అను చిన్న దీవి కలదు. అచటి ప్రవాళభిత్తికలలో, స్పంజికల లోపల కాపురముండు సినాల్ఫియస్ రెగాలిస్ అను చిన్నరొయ్య చెదపురుగువలె సంఘజీవి యని ఆయన వ్రాసిరి. నాటినుండి "రొయ్యల రాణి", "రొయ్యల సైనికులు" అను మాటలు జంతుప్రవర్తనను గూర్చిన పాఠములలో చోటు చేసికొనినవి. ఆ వ్యాసము దేనిని నిరూపించినది, దేనిని ఊహించినది, దేనిని విడిచిపెట్టినది అను మూడు ప్రశ్నలను వేరువేరుగా పరిశీలించుట అవసరము. లేనిచో విద్యార్థికి మిగులునది రాణి యను మాట మాత్రమే. ఆ మాట ఏ సాక్ష్యముపై నిలిచినదో అతనికి తెలియదు.

చిటికె వేయు రొయ్య

ముందుగా ఆ ప్రాణిని గూర్చి తెలిసికొనవలెను. ఆల్ఫియస్, సినాల్ఫియస్ మొదలగు ప్రజాతులకు చెందిన రొయ్యలకు ముందరికాళ్ళలో ఒకటి మిక్కిలి పెద్దది. అది పట్టుకారువలె రెండు దవడలు గలది. ఒక దవడపై బుడిపె యుండును; ఎదుటి దవడలో దానికి సరిపోవు గుంట యుండును. తెరచియున్న దవడ ఒక్కసారి మూసికొనగనే గుంటలోని నీరు సన్నని ధారగా మహావేగముతో వెలికి చిమ్మును. మనము చిటికె వేసినట్లు "టక్" మను శబ్దము వినవచ్చును. అందుచే వీనిని చిటికె రొయ్యలనిన తగియుండును.

ఈ శబ్దము దవడలు తాకుటవలన పుట్టునని చాలకాలము తలచిరి. 2000 సంవత్సరమున వెర్స్‌లూయిస్, ష్మిట్జ్, లోజె మున్నగువారు అతివేగపు చలనచిత్రములు తీసి, అది నిజము కాదని తేల్చిరి. నీటిధార వేగమునకు ఒత్తిడి తగ్గి ఒక బుడగ ఏర్పడును. ఆ బుడగ కూలునపుడు శబ్దము పుట్టును. కూలుక్షణమున బుడగలోని వేడిమి 5,000 కెల్విన్లకు తక్కువ కాదని మరుసటి యేడు చూపిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున నీటియడుగు శబ్దములను వినుచుండిన నావికాపరిశోధకులను కలవరపెట్టిన చిటపటధ్వని ఈ రొయ్యలదేయని 1947లో ప్రకటించిరి. అనగా ఈ చిన్నప్రాణి పుట్టుకతోనే ఆయుధధారి. ఆయుధముగల జీవులు వందలకొలదిగా ఒకే యింట ఒకదానినొకటి చంపుకొనక యెట్లు బ్రదుకుచున్నవి? డఫీ వ్యాసమునకు మూలమైన ప్రశ్న ఇదియే.

ఇంటి సంగతి

ఆ యిల్లు స్పంజిక. స్పంజికకు నోరు లేదు, కడుపు లేదు, నరములు లేవు. దేహమంతయు సన్నని రంధ్రములు. వానినుండి లోనికి సాగు కాలువలు. కొరడావంటి తోకలుగల కణములు ఎడతెగక కదలుచు నీటిని లోనికి లాగును. నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకొని, మిగిలిన నీటిని పెద్దరంధ్రములగుండ వెలికి త్రోయును. పెక్కు స్పంజికల మాంసము చేపలకు రుచింపదు. కొన్ని విషపూరితములు కూడ. కావున ఈ కాలువలలో దాగిన ప్రాణికి చేపల భయము తక్కువ. నీటి ప్రవాహమునకును లోటులేదు. రెండు సెంటీమీటర్లకు మించని రొయ్యకు ఇంతకన్న మంచి కోట దొరకదు.

చిక్కు ఒక్కటే: అట్టి కోటలు తక్కువ, వానిని కోరు రొయ్యలు ఎక్కువ. బెలీజ్ భిత్తికలలో తగిన స్పంజిక ఖాళీగా దొరకుట అరుదు. ఒక్కొక్క రొయ్యజాతి కొలదిపాటి స్పంజికజాతులలోనే నివసింపగలదు. ఇల్లు విడిచిపోయిన పిల్లకు మరియొక యిల్లు దొరకునను నమ్మకము లేదు.

మూడు సాక్ష్యములు

డఫీ వాదము మూడు సాక్ష్యములపై నిలిచినది. మొదటిది లెక్క. స్పంజికలను సేకరించి, విప్పి, లోపలి రొయ్యలనన్నింటిని లెక్కించిరి. కొన్నిటిలో 300కు పైగా రొయ్యలుండెను. కాని గ్రుడ్లు మోయుచున్నది గాని, అండాశయము పండినది గాని ఒక్క ఆడరొయ్యయే.

రెండవది బంధుత్వము. పెక్కు రొయ్యల పిల్లలు డింభకములై నీటిలో తేలుచు దూరముగా కొట్టుకొనిపోవును. సినాల్ఫియస్ రెగాలిస్ పిల్లలట్లు కాక, గ్రుడ్డునుండి వెలువడగనే ప్రాకగలవు. పుట్టిన స్పంజికలోనే మిగులును. ఒకే ఎంజైమునకు గల వేరువేరు రూపములను విద్యుత్ క్షేత్రములో విడదీసి పోల్చగా, ఒక గుంపులోని రొయ్యలలో ఎక్కువ భాగము ఒకే తల్లిదండ్రుల బిడ్డలని తేలినది.

మూడవది కాపు. ఇతరజాతి రొయ్యను గుంపులోనికి విడిచినపుడు, ఇంటివానిలో పెద్దవి దానిని చిటికెలతో ఎదిరించెను. ఈ పెద్దవానిలో ఎక్కువ భాగము ఎన్నడును సంతానము కననట్లు కనబడుచున్నదని వ్యాసకర్త అభిప్రాయము.

ఈ మూడింటిని ఒకచోట కూర్చుటలోనే వ్యాసముయొక్క బలమున్నది. ఇందుకు వెనుకటి ఉదాహరణ నొకదానిని పోల్చి చూడవచ్చును. 1932లో ఏ. ఎస్. పియర్స్ ఫ్లోరిడా సమీపమున డ్రై టోర్టుగాస్ దీవులవద్ద ఒక పెద్ద స్పంజికను విప్పి, అందులో 16,352 సినాల్ఫియస్ రొయ్యలు కలవని ప్రకటించిరి. ఆ సంఖ్య ఆశ్చర్యకరమే. కాని సంఖ్య ఒక్కటియే సంఘమును నిరూపింపజాలదు. సంతలో వేయిమంది చేరినంతమాత్రమున వారొక కుటుంబము కారు. ఎవరు కనుచున్నారు, ఎవరెవరికి బంధువులు, ఎవరెవరిని కాపాడుచున్నారు అను మూడు ప్రశ్నలకును ఒకేజాతియందు సమాధానము వెదకుట డఫీ చేసిన మేలు. ఈ విషయమున ఆయన వ్యాసము నేటికిని పరిశోధనకు మంచి మాదిరి.

కాలము చెప్పని సాక్ష్యము

ఇక లోపములు. స్పంజికను విప్పినవెంటనే ఆ సంసారము ముగిసినట్లే. కావున పరిశోధకునకు దొరకినది ఒక్క దినపు చిత్రము. ఆ దినమున గ్రుడ్లు లేని రొయ్య జన్మమంతయు గ్రుడ్లు పెట్టదని దానివలన తేలదు. పెద్దపిల్లలు తల్లి చనిపోవువరకు వేచియుండి, తరువాత ఇల్లు స్వాధీనము చేసికొనునేమో! తరగతిగదిని ఒక్కసారి ఛాయాచిత్రము తీసి, అందులో నిలుచున్నవాడొక్కడే కనుక వాడొక్కడే ఎల్లప్పుడు నిలుచునని చెప్పవచ్చునా?

డఫీ ఈ చిక్కును ఎరుగనివారు కారు. అందుకే "కనబడుచున్నది" అను జాగ్రత్తమాట వాడిరి. తప్పు ఆ వ్యాసమును తిరిగి చెప్పినవారిది. ఒక నోటినుండి మరియొక నోటికి పోవుటలో ఆ చిన్నమాట జారిపోయినది; "సంతానము కననట్లు కనబడు రొయ్యలు" కాస్త "గొడ్డురొయ్యలు"గా మారినవి.

నిర్వచనమునకు తూగునా?

రెండవ లోపము నిర్వచనమునకు సంబంధించినది. ఇట్టి సంఘజీవనమునకు వాడు 'యూసోషల్' అను మాటను మొదట ప్రయోగించినది సుజాన్ బాత్రా. భారతదేశపు మట్టితేనెటీగల గూళ్ళను గూర్చి ఆమె 1966లో మన దేశపు కీటకశాస్త్ర పత్రికలోనే వ్రాసిన వ్యాసమున ఆ మాట పుట్టినది. దానిని మనము పూర్ణసాంఘికమని చెప్పుకొనవచ్చును. పిమ్మట మిచెనర్, విల్సన్ గార్లు దానికి మూడు లక్షణములు స్థిరపరచిరి: తల్లితరము బిడ్డలతరము కలిసి నివసించుట, కొన్ని కనుట, తక్కినవి కనకుండుట, అందరును కలిసి పిల్లలను సాకుట.

మొదటి రెండును రొయ్యలలో కలవు. మూడవదే సందేహాస్పదము. తేనెటీగ పిల్లపురుగు నోటికి మేత అందించును. చీమ గ్రుడ్లను మోసి కాపాడును. రొయ్యపిల్లకు అట్టి పోషణ అక్కరలేదు. పుట్టినది మొదలు తన మేత తానే చూచుకొనును. పెద్దవి చేయు ఉపకారమంతయు శత్రువును లోనికి రానీయకుండుటయే. దీనిని పిల్లల సాకుట యనవచ్చునా? ఊరి కాపరి ఊరి బిడ్డలను పెంచుచున్నాడని చెప్పినట్లగును. ఇల్లే దుర్లభమైనచోట ఇంటిని కాపాడుటయే పిల్లలను కాపాడుట యను వాదమును త్రోసివేయరాదు. కాని నిర్వచనమును అంతవరకు సాగదీసినట్లు పాఠకునకు స్పష్టముగా తెలియవలెను.

దీనికన్న కఠినమైన కొలబద్ద నొకదానిని 1995లో క్రెస్పి, యనేగా అను వారు ప్రతిపాదించిరి. పనిచేయువర్గము తిరిగి కనువర్గముగా మారజాలనపుడు మాత్రమే ఆ పేరు వాడవలెనని వారి మతము. అదే యేడు షెర్మన్ మున్నగువారు ఇందుకు భిన్నముగా, సంఘజీవనము మెట్లుమెట్లుగా నుండునే కాని నడుమ గోడ యుండదని వాదించిరి. కొలబద్దను బట్టి ఫలితము మారుచున్నదనగా, వివాదము రొయ్యను గూర్చినది కాదు, మాటను గూర్చినది. ఈ భేదమును విద్యార్థి గుర్తించిన చాలును, పాఠము సగము నెరవేరినట్లే.

పేరు పెట్టిన తీర్పు

మూడవ లోపము రాచరికపు భాష. ఆ జాతికి 1996లోనే డఫీ పెట్టిన 'రెగాలిస్' అను లాటిన్ పేరునకు రాజసము గలది యని అర్థము. సాక్ష్యము చదువకముందే పేరు తీర్పు చెప్పుచున్నది! రాణి యనగనే ఆజ్ఞయు, సింహాసనమును, సేవకులును మనస్సున మెదలును. స్పంజికలో ఆజ్ఞయిచ్చునది యెవరును లేరు. ఉన్నది గ్రుడ్లు పెట్టు తల్లి. ఇల్లు విడువని బిడ్డలు.

ఆ బిడ్డలు ఇల్లు విడువకుండుటకు కారణమును రాణి యను మాట చెప్పదు, లెక్క చెప్పును. 1964లో హామిల్టన్ చూపినట్లు, ఒక ప్రాణికి తన బిడ్డతోను, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన తోబుట్టువుతోను గల జన్యుబంధుత్వము సమానమే, రెండును సగము. తేనెటీగలలో మగవానికి తండ్రి లేనందున అక్కచెల్లెండ్ర బంధుత్వము ముప్పాతిక వరకు పోవును. రొయ్యలలో నట్టి విశేషము లేదు. ఈ విషయమున అవి చెదపురుగులను పోలినవి. కావున బయట ఖాళీ యిల్లు దొరకనిచోట, తల్లి యింటిని కాచి తోబుట్టువులను బ్రదికించుట నష్టపు బేరము కాదు. ఈ లెక్కను చెప్పక రాణి కథను చెప్పిన పాఠము, ధాన్యమును విడిచి ఊకను కొలిచినట్లుండును.

మరచిపోయిన ఆతిథేయి

నాలుగవ లోపము అన్నింటికన్న పెద్దది. ఈ కథలో స్పంజిక కేవలము ఇల్లుగా నిలిచినది. ఇంటికి ప్రాణము లేదు, స్పంజికకు కలదు. లోపల మూడువందల అతిథులున్నపుడు దాని కాలువలలో నీరు సరిగా పారునా? రొయ్యలు దాని మాంసమును తినునా? లేక దానిని తినవచ్చు ప్రాణులను తరిమి ఋణము తీర్చుకొనునా? 1996 వ్యాసము రొయ్యల సంఘమును గూర్చినది కనుక ఈ ప్రశ్నలను తడవలేదు. మూడు పుటలలో అన్నియు ఇముడవన్నది నిజమే. కాని ఒకరి లాభమునే లెక్కించి, రెండవవారి పద్దును తెరువకపోయినచో సహజీవనపు పాఠము పూర్తికాదు.

తరువాతివారు ఆ పద్దును తెరచిరి. బెలీజ్ స్పంజికలలోనే నివసించు, వేరొక కుటుంబపు టిప్టన్ అను రొయ్య కడుపులో స్పంజికయొక్క గాజుముళ్ళు దొరకినవని 2011లో వెల్లడియైనది. ఆ అతిథి ఇంటిగోడలనే తినుచున్నదన్నమాట. సినాల్ఫియస్ రొయ్యలవలన స్పంజికలకు కలుగు ఫలితమును 2014లో హల్ట్‌గ్రెన్ పరీక్షించి, అది అంతట ఒకే తీరున నుండదని చూపిరి. కనుక ఇరువురికిని మేలను మాట గాని, అతిథి దొంగ యను మాట గాని అన్ని స్పంజికలకు అంటగట్టరాదు.

ముప్పది యేండ్లలో తేలినది

మంచి వ్యాసమునకు గురుతు, అది వెనుక విడిచిన ప్రశ్నలకు ఇతరులు సమాధానము వెదకుట. ఆ కొలతలో డఫీ వ్యాసము నెగ్గినది. 2000లో ఆయనయు, తోడివారును ఇట్టి సంఘజీవనము సినాల్ఫియస్ ప్రజాతిలో కనీసము మూడుమారులు వేరువేరుగా పుట్టినదని వంశవృక్షము ద్వారా చూపిరి. 2002లో కాపుపనిని మరల పరిశీలించి, దాని బరువు పెద్దరొయ్యలపై పడుచున్నదనియు, పిల్లలకు ఆ శ్రమ లేదనియు తెలిపిరి. 2005లో టోత్, డఫీ గార్లు ఇంకొక విశేషము కనుగొనిరి: పరాయి రొయ్య వెనుకకు తగ్గనపుడు ఒక కాపరి చిటికె వేయుట మొదలిడగా, తక్కినవి దానితో గొంతు కలిపినట్లు గుంపుగా చిటికెలు వేయును. 2006లో బెలీజ్ భిత్తికల లెక్కలు, సంఘజీవులైన జాతులే స్పంజికలలో పైచేయిగా నున్నవని చూపినవి. 2007లో టోత్, బౌయర్ గార్లు సూక్ష్మదర్శినితో జననరంధ్రములను పరీక్షించి, సహాయకులలో ఆడ మగ రెండును కలవని తేల్చిరి.

అన్నింటికన్న ముఖ్యమైనది 2015 నాటి పరిశోధన. చక్, రూబెన్‌స్టైన్, డఫీ గార్లు సినాల్ఫియస్ ఎలిజబెతె అను బంధుజాతిలో గ్రుడ్లు పెట్టు తల్లిని గుంపునుండి తొలగించి చూచిరి. అంతవరకు కననట్టి ఆడరొయ్యలలో అండాశయము ఎదుగుట మొదలైనది. అనగా అవి గొడ్డువి కావు. తల్లి యున్నంతవరకు ఆగియున్నవి. కాలమును గూర్చి ముందు లేవనెత్తిన సందేహము సకారణమేయని దీనివలన స్థిరపడినది. క్రెస్పి, యనేగా గార్ల కొలబద్దతో ఈ రొయ్యలకు పూర్ణసాంఘికమను పేరు చెల్లదు. మిచెనర్, విల్సన్ గార్ల కొలబద్దను కొంత సడలించినచో చెల్లును.

2017లో అదే బృందమువారు మరియొక మెట్టు ఎక్కిరి. పెక్కు తల్లులు కలిసి నివసించు గుంపులు క్రమముగా ఒకే తల్లిగల సంఘములుగా మారినవని కొందరు తలచుచుండిరి. అట్లు కాక, జంటలుగా బ్రదుకు పూర్వికులనుండి ఈ రెండును వేరువేరు త్రోవలలో వచ్చినవని వారు చూపిరి. బిడ్డలు ఇంటనే మిగిలిన కుటుంబము ఒక త్రోవ. బంధుత్వము లేనివారు ఒకే కొంపలో సర్దుకొనుట మరియొక త్రోవ.

తీర్పు

కావున 1996 వ్యాసముపై తీర్పు ఇట్లుండవలెను. ఒక్క తల్లి, ఆమె బిడ్డలతో నిండిన యిల్లు, ఆ యింటిని కాచు పెద్దబిడ్డలు: ఈ మూడు సంగతులును చెక్కుచెదరలేదు. సముద్రములో నట్టి కుటుంబమును మొదట గుర్తించిన గౌరవము డఫీదే. జన్మాంతము గొడ్డుతనమను ఊహ మాత్రము బంధుజాతిలోని పరీక్షతో బలహీనపడినది. పిల్లలను సాకుట యను లక్షణము సాగదీయబడినది. రాచరికపు భాష సాక్ష్యమునకు మించిన బరువు మోయుచున్నది. ఆతిథేయి పద్దు ఆ వ్యాసమునకు వెలుపలనే మిగిలినది.

ఉన్నతపాఠశాలలో ఈ పాఠము చెప్పు ఉపాధ్యాయుడు నల్లబల్లపై రెండు వరుసలు గీయవచ్చును. ఎడమవైపు చూచినవి: 300కు పైగా రొయ్యలు, గ్రుడ్లుగలది ఒక్కటి, కలిసిన ఎంజైములు, పరాయిదానిపై చిటికెలు. కుడివైపు చెప్పినవి: రాణి, సైనికులు, పూర్ణసంఘము. ఎడమ వరుసలోని ఏ అంశము కుడివైపు ఏ మాటను ఎంతవరకు మోయగలదో విద్యార్థులే గీతలు కలుపవలెను. 'రాణి' యను మాటనుండి గీత గ్రుడ్లు మోయు ఒక్క ఆడరొయ్యను చేరి, అచటనే ఆగును. సింహాసనమువరకు సాగదు. స్పంజికను ఏ వరుసలో వ్రాయవలెనని పిల్లవాడెవడైన అడిగినచో, ఆనాటి తరగతి సార్థకమైనట్లే.